పొగ ఎటు పోవాలని అడిగేవాడే లేడు

పాత ట్రక్కుకి పొగగొట్టాలు మార్పిద్దామని ఈ రోజుల్లో ఏ షాపుకి వెళ్ళినా కౌంటరు దగ్గరి కుర్రాడు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "శబ్దం ఎలా కావాలి?" గంభీరంగా కావాలా, గరగరలాడుతూ కావాలా, పక్క వీధికి వినపడాలా అని వరసగా అడుగుతాడు. ఫోను తీసి నమూనా శబ్దాలు వినిపిస్తాడు. మా రోజుల్లో డెట్రాయిట్ చుట్టుపక్కల సైలెన్సర్ షాపు నడిపేవాడు మాట్లాడకుండా ముందు బండి కిందికి దూరేవాడు. గొట్టం ఎక్కడ చివికింది, దేనికి ఆనుకుంటోంది, చివర ఎక్కడ తేలుతోంది, ఇవన్నీ టార్చి వేసి చూసేవాడు. పొగ మనుషులకి దూరంగా పోతోందా లేదా అన్నది అతని మొదటి లెక్క. శబ్దం సంగతి చూసుకోవడానికి సైలెన్సర్ ఉండేది.

కాకినాడలో మెకానికల్ ఇంజనీరింగు చదివి 1970ల్లో మిషిగన్ వచ్చినవాణ్ణి నేను. 1965 వలస చట్టం తలుపులు తెరిచాక మాలాంటి తెలుగు ఇంజనీర్లు చాలామంది కార్ల పరిశ్రమ చుట్టూ చేరారు. ఆ పరిశ్రమలోనే పనిచేసి రిటైరయ్యాను. నా దగ్గర 1977 షెవర్లే సి-20 పికప్ ట్రక్కు ఉంది. 350 ఘనపుటంగుళాల వి-8 ఇంజను, మన లెక్కలో 5.7 లీటర్లు. రెండు వైపులా రెండు పొగగొట్టాలున్న బండి. ఆ గొట్టాలు తుప్పు పట్టినప్పుడల్లా మార్చుతూ వచ్చాను కాబట్టి, ఈ పని అప్పుడెలా జరిగేదో ఇప్పుడెలా జరుగుతోందో నాకు బాగా తెలుసు. తెలుసు కనకే బాధ.

అసలు రెండు గొట్టాలెందుకో ఇప్పటి కుర్రాళ్ళని అడగండి. "చూడ్డానికి బాగుంటుంది అంకుల్" అంటారు. వి-8 అంటే నాలుగేసి సిలిండర్లు రెండు వరసలు. ఒక్కో వరస పొగ ఒక్కో మానిఫోల్డులోకి వస్తుంది. మామూలు బండిలో ఆ రెంటినీ కింద కలిపి ఒకే సైలెన్సర్ గుండా, ఒకే గొట్టం గుండా పంపుతారు. బరువు లాగే బండికి అలా గొంతు నొక్కినట్టు కాకుండా రెండు దారులిస్తే ఇంజను తేలిగ్గా ఊపిరి వదులుతుంది. లెక్క కావాలంటే ఇదుగో: మూడంగుళాల గొట్టం ఒక్కటి వేస్తే దాని అడ్డుకోత వైశాల్యం సుమారు 7.07 చదరపు అంగుళాలు. రెండుంపావు అంగుళాల గొట్టాలు రెండు వేస్తే 7.95. అంటే రెండు సన్న గొట్టాలే ఆ ఒక్క లావు గొట్టం కన్నా ఎక్కువ దారి ఇస్తాయి. ఈ 350 ఇంజనుకి ఆ రెండుంపావే సరిపోతుంది. ఇప్పుడు దీనికే ఒక్కో వైపు మూడంగుళాల గొట్టం తగిలిస్తున్నారు. ఆ లావు గొట్టం ఇరుసు మీదుగా వంచడానికి చోటు చాలదు. చాలక, ఇరుసుకి ముందే కోసి వదిలేస్తారు. నా కోపమంతా అక్కడే. ఆ సంగతికి తర్వాత వస్తాను.

రెండు గొట్టాల మధ్య అడ్డంగా ఒక చిన్న గొట్టం ఉంటుంది. దాన్ని కూడా ఇప్పుడు అనవసరమని తీసేస్తున్నారు. ఎందుకు పెట్టారో ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ఈ షెవర్లే ఇంజనులో సిలిండర్లు కాలే వరస 1-8-4-3-6-5-7-2. బేసి అంకెలన్నీ డ్రైవరు వైపు, సరి అంకెలన్నీ అవతలి వైపు. వరస చూడండి: 8 తర్వాత వెంటనే 4, రెండూ ఒకే వైపు. 5 తర్వాత వెంటనే 7, అవీ ఒకే వైపు. అంటే ఒక గొట్టంలోకి వెంటవెంటనే రెండు దెబ్బలు పడతాయి, ఆ సమయంలో రెండోది ఖాళీగా ఉంటుంది. అడ్డగొట్టం ఉంటే ఆ వత్తిడి కొంత అవతలికి సర్దుకుంటుంది. శబ్దం కూడా మెత్తబడుతుంది. ఇంజను తయారుచేసినవాళ్ళు ఆలోచించి పెట్టిన వస్తువది. తీసేసేముందు కనీసం ఎందుకుందో తెలుసుకోవాలి కదా!

పొగని శుభ్రం చేసే కెటలిటిక్ కన్వర్టర్ గురించి ఒక మాట చెప్పి ముందుకెళ్తాను. ఇక్కడ 1975 మోడళ్ళ నుంచి చాలా కార్లకి అది వచ్చింది. సీసం కలిపిన పెట్రోలు దానికి పడదు. మొత్తం బరువు ఆరు వేల పౌండ్లు దాటిన ట్రక్కులకి మాత్రం అప్పట్లో మినహాయింపు ఉండేది. ఫోర్డ్ వాళ్ళు 1975లో ఎఫ్-150ని తెచ్చింది ఆ గీత దాటడానికే. నా సి-20 కూడా గీతకి అవతలిదే, కన్వర్టర్ లేకుండానే పుట్టింది. సీసం పెట్రోలు రోజుల్లో గొట్టం చివర లోపలి రంగు చూసి ఇంజను ఆరోగ్యం చెప్పేవాళ్ళం. లేత బూడిద రంగుంటే మిశ్రమం సరిగా ఉందని, నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోందని. ఆ సీసం విషం. రోడ్డు మీది బండ్లకి ఇక్కడ 1996 జనవరి 1న, మన దేశంలో 2000 ఫిబ్రవరిలో అది పూర్తిగా ఆగిపోవడం మంచిదే అయింది. దానికోసం నేను దిగులు పడను. ఇంకో మాట కూడా గట్టిగా చెబుతాను: కన్వర్టర్‌తో పుట్టిన బండికి గొట్టాలు మార్చేటప్పుడు కన్వర్టర్ తీసెయ్యడం చట్ట విరుద్ధం, పాపం కూడా.

ఇక తుప్పు. గ్యాలను పెట్రోలు కాలితే దాదాపు గ్యాలను నీళ్ళు పుడతాయి. ఆవిరిగా బయటికి పోవాల్సిన ఆ నీరు, గొట్టం చల్లగా ఉన్నంతసేపూ లోపలే చెమర్చి సైలెన్సర్ అడుగున నిలుస్తుంది. రెండు గొట్టాలున్న బండిలో ఒక్కో దాన్లోంచి సగం పొగే పోతుంది కాబట్టి అవి వేడెక్కడం ఆలస్యం. పాల డబ్బా కోసం వీధి చివరికి వెళ్ళొచ్చే బండికి గొట్టాలు లోపలి నుంచి కుళ్ళేది ఇందుకే. అందుకే మంచి సైలెన్సర్‌కి అడుగున సన్నటి చిల్లు ఉంటుంది. అది కారుతోందని కంగారుపడి మూయించేవాళ్ళని చూశాను. దాన్ని మూయకూడదు. పైనుంచి దెబ్బ ఉప్పుది. డెట్రాయిట్ నగరం కింద వెయ్యి అడుగులకి పైగా లోతున ఉప్పు గని ఉంది. చలికాలం మంచు కరగడానికి ఇక్కడి రోడ్లన్నిటిమీదా ఉప్పే. లోపల నీరు, బయట ఉప్పు. మామూలు ఇనుప గొట్టం ఎన్నాళ్ళు ఆగుతుంది?

అందుకే అప్పట్లో ప్రతి కూడలిలో ఒక సైలెన్సర్ షాపు ఉండేది. 1956లో జార్జియా రాష్ట్రంలో మొదలైన మైడాస్ వాళ్ళు, కారు నీ చేతిలో ఉన్నంతకాలం సైలెన్సర్‌కి పూచీ మాది అని చెప్పి దేశమంతా విస్తరించారు. చిన్న షాపుల్లో గొట్టం వంచే హైడ్రాలిక్ యంత్రం ఉండేది. నీ బండి మోడలు చెబితే ఏ వంపు ఎక్కడ ఎంతో పట్టిక తీసి, తిన్నటి గొట్టాన్ని అక్కడికక్కడే నీ కళ్ళముందు వంచేవాడు. బండి కిందికి తీసుకెళ్ళి పట్టి చూసి, ఎక్కడైనా తగిలితే మళ్ళీ తెచ్చి ఇంకాస్త వంచేవాడు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ సైలెన్సర్‌కి రేకు కొట్టి, గ్యాస్ వెల్డింగుతో అతికేవాళ్ళని చూసి పెరిగిన నాకు ఆ షాపులు పరాయి చోట్లు అనిపించలేదు. చేతికి నల్లగా మసి, చెవి మీద పెన్సిలు, నోట్లో కొలత. భాష వేరు, అంతే.

ఆ షాపులు చాలావరకు మూతబడ్డాయి. కారణం న్యాయమైనదే: 1980ల చివర, 1990ల్లో కంపెనీలు కొత్త బండ్లకి ఫ్యాక్టరీలోనే స్టెయిన్‌లెస్ గొట్టాలు పెట్టడం మొదలుపెట్టాయి. 409 రకం స్టెయిన్‌లెస్ పైకి గోధుమరంగు తుప్పు చూపించినా లోపల గట్టిగా ఉంటుంది, ఏళ్ళ తరబడి ఆగుతుంది. గొట్టాలు పోకపోతే షాపుకి బేరం లేదు. కాని ఆ షాపులతోపాటు బండి కిందికి దూరి చూసే అలవాటూ పోయింది. పాత బండికి ఇప్పుడు గొట్టాలు పెట్టెలో వస్తాయి. ఏ బండికైనా సరిపోతుందని పెట్టె మీద రాసి ఉంటుంది. తీరా పట్టి చూస్తే బ్రేకు గొట్టానికి ఆనుకుంటుంది.

మొన్నామధ్య మా వీధిలో ఒక తెలుగు కుర్రాడు పాత ట్రక్కు కొన్నాడు. నాలుగు తలుపుల కొత్త బండ్లన్నీ ఒకేలా ఉన్నాయట, అందుకని పాతది. మంచి మాటే. "తాతగారూ, గొట్టాలు మనమే మారుద్దామా?" అన్నాడు. నాకు సంతోషమేసింది. వాడికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను, చేసేవాళ్ళకి పనికొస్తాయని.

బండిని జాకీ మీద వదిలి ఎప్పుడూ కిందికి దూరవద్దు. ఛాసీ కింద గట్టి స్టాండ్లు పెట్టి, చక్రాలకి అడ్డు పెట్టి, బండిని ఒకసారి చేత్తో ఊపి చూసి, అప్పుడు దూరాలి. ఛాసీని ఎత్తితే ఇరుసు కిందికి వేలాడుతుంది, దాని మీదుగా పాత గొట్టం లాగడానికి, కొత్తది దూర్చడానికి చోటు దొరుకుతుంది. ముందురోజు రాత్రే ప్రతి నట్టుకీ తుప్పు వదిలే నూనె పట్టించాలి. మానిఫోల్డు దగ్గరి బోల్టులతో మాత్రం తొందరపడకూడదు. అక్కడ స్టడ్డు విరిగిందంటే ఒక పూట పని వారం పని అవుతుంది. గ్యాస్ టార్చితో ఎర్రగా కాల్చి, కాస్త విప్పి, కాస్త బిగించి, మళ్ళీ విప్పుతూ రావాలి. దగ్గర పెట్రోలు గొట్టాలు, బ్రేకు గొట్టాలు ఉంటే మంట వద్దే వద్దు. పాత గొట్టాన్ని ఎలాగూ పారెయ్యాలి కనక దాని నట్లతో కుస్తీ పట్టడం దండగ, రంపంతో కోసెయ్యాలి. సైలెన్సర్ మంచిగా ఉండి దాన్ని ఉంచుకోవాలంటే, దాని మెడలో ఇరుక్కున్న గొట్టాన్ని ఉలితో నిలువునా చీల్చి, లోపలికి ముడిచి లాగాలి.

కొత్త గొట్టాలు బిగించేముందు ఒక మానిఫోల్డు కింద ఉండే వేడి కవాటం తిరుగుతోందో లేదో చూడాలి. చలిలో ఇంజను త్వరగా వేడెక్కడానికి ఒకవైపు పొగని ఆపి పైకి మళ్ళించే రెక్క అది. మూసుకుని బిగుసుకుపోయిందంటే, నువ్వు ఎంత మంచి గొట్టాలు పెట్టినా ఆ వైపు ఇంజనుకి ఊపిరాడదు. ఇప్పటివాళ్ళకి ఆ రెక్క ఉందనే తెలియదు.

తర్వాత క్లాంపులు. పాతరకం యూ-బోల్టు క్లాంపు గొట్టాన్ని నొక్కేస్తుంది, పట్టు గట్టిదే, కాని మళ్ళీ విప్పాలంటే కోతే గతి. వెడల్పు పట్టీ క్లాంపు అయితే గొట్టం గుండ్రంగానే ఉంటుంది. ఈ ఒక్క విషయంలో కొత్త సరుకే మేలు, నేనిప్పుడు అవే వాడుతున్నాను. అన్నిటినీ ముందు వదులుగా అమర్చాలి. గొట్టం బ్రేకు రబ్బరు గొట్టానికి, పెట్రోలు ట్యాంకుకి, స్టెప్నీ టైరుకి దూరంగా ఉందో లేదో వేలు పెట్టి చూడాలి. ఆఖరి బిగింపు మాత్రం ఇరుసు మీద బండి బరువు పడ్డాకే. ఇది చాలామంది చెయ్యరు. వేలాడుతున్న ఇరుసుకి సరిగ్గా కుదిరిన గొట్టం, కమాను పట్టీల మీద బండి కూర్చోగానే ఇరుసుకి కొట్టుకుంటుంది. గోతిలో పడ్డప్పుడు ఇరుసు ఇంకెంత పైకి లేస్తుందో కూడా అంచనా వెయ్యాలి. మొదటిసారి బాగా వేడెక్కేదాకా నడిపి, చల్లారాక ప్రతి క్లాంపూ మళ్ళీ బిగించాలి.

ఆ కుర్రాడు ఇవన్నీ శ్రద్ధగా చేశాడు. తీరా ఇరుసు దగ్గరికి వచ్చాక, "ఇక్కడితో ఆపేద్దాం తాతగారూ, శబ్దం బాగుంటుంది, పనీ తగ్గుతుంది" అన్నాడు. అంతకుముందు వెళ్ళిన షాపువాళ్ళు అదే చెప్పారట. నేను ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకోలేదో వివరంగా రాయాలనే ఇదంతా మొదలుపెట్టాను.

కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. కన్వర్టర్ లేని కార్బురేటర్ ఇంజను వదిలే పొగలో అది ధారాళంగా ఉంటుంది. వంటింటి పొగగొట్టం కప్పు దాటకపోతే ఇల్లంతా పొగ కమ్మినట్టే, బండి గొట్టం మనుషులు కూర్చునే చోటు దాటకపోతే ఆ విషం నేల చిల్లుల్లోంచి, కిటికీల్లోంచి లోపలికే వస్తుంది. పాత బండి నేలలో తుప్పు చిల్లులు ఉండనే ఉంటాయి. పోనీ వెనకదాకా తీసుకెళ్ళి తిన్నగా వెనక్కి వదిలితే చాలా? పరిగెత్తే బండి వెనక గాలి పలచబడి, పొగ మళ్ళీ బండి వైపే లాక్కోబడుతుంది. సియాటిల్‌లోని వైద్యులు 1986 నుంచి 1991 దాకా తమ దగ్గరికి వచ్చిన పిల్లల కేసులు పరిశీలించి 1992లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో రాశారు. పికప్ ట్రక్కుల వెనక తొట్టిలో ప్రయాణం చేస్తూ ఈ విషానికి గురైన పిల్లలు ఇరవైమంది. అందులో పదిహేడుమంది మూతవేసిన కానపీ కింద కూర్చున్నవాళ్ళు, ముగ్గురు టార్పాలిన్ కింద ఉన్నవాళ్ళు. ఒక బిడ్డ ప్రాణం పోయింది. ఆ ట్రక్కులన్నిటి విషయంలోనూ పొగగొట్టం కారుతోందని ముందే తెలిసి ఉండటమో, లేక గొట్టం పక్కకి కాక వెనక్కి తెరుచుకుని ఉండటమో కారణం. అది చదివిన రోజున నా బండి కిందికి దూరి రెండు గొట్టాల చివరలూ చూసుకున్నాను. వెనక చక్రం దాటి, పక్కకి తిరిగి ఉన్నాయి. ఆ వంపు పెట్టిన మనిషికి దణ్ణం పెట్టాలనిపించింది.

మన దేశంలో మోటారు వాహనాల నిబంధనలు 1989లో రాసినప్పుడు కూడా ఈ ఆలోచన ఉంది. పొగ నేలకేసి కిందికి రాకూడదు, ఎడమవైపుకి రాకూడదు అన్నారు. ఎడమ పక్కన నడిచేవాళ్ళుంటారు, బస్సుస్టాపులో పిల్లలుంటారు. గొట్టం ఎటు తిరగాలో దారిన పోయే మనిషిని తలుచుకుని నిర్ణయించిన రోజులవి.

ఇప్పుడు ఆ మనిషిని తలుచుకునేవాడేడీ? బంపరులో నాలుగు మెరిసే రంధ్రాలు కనిపిస్తాయి. వంగి చూస్తే వాటి వెనక ఏమీ ఉండదు, అసలు గొట్టం కింద ఎక్కడో దాక్కుని ఉంటుంది. కొన్ని కొత్త బండ్లలో ఇంజను శబ్దం స్పీకర్లలోంచి వస్తోంది. లేని శబ్దం కోసం ఒకడు డబ్బు పెడుతుంటే, ఉన్న సైలెన్సర్ పీకించడానికి ఇంకొకడు డబ్బు పెడుతున్నాడు. దాదాపు పదేళ్ళలో 5,50,000కు పైగా డీజిలు పికప్‌లలో పొగ శుభ్రం చేసే పరికరాలు తీసేశారని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ 2020లో లెక్క చెప్పింది. కొందరు కావాలనే ఇంజనులోకి ఎక్కువ డీజిలు వదిలి, సైకిలు మీద పోయేవాళ్ళ ముఖాన నల్లటి పొగ కొడుతున్నారు. మన హైదరాబాదు, విశాఖల్లో అర్ధరాత్రి బుల్లెట్ల మీద చెవులు చిల్లులు పడేలా తిరిగే కుర్రాళ్ళ సైలెన్సర్లని పోలీసులు ఊడదీయించి రోలరు కింద తొక్కించాల్సి వచ్చింది. పక్కింట్లో గుండెజబ్బు ముసలాయన ఉన్నాడని, నెలల పసిపాప ఉందని వాళ్ళకి చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారా? మా రోజుల్లో కుర్రాళ్ళు శబ్దం కోసం ఎర్రరంగు చెర్రీ బాంబు సైలెన్సర్లు తగిలించేవారు, నిజమే. వాళ్ళని ఆపి చివాట్లు పెట్టే పెద్దవాళ్ళూ ఉండేవారు. ఇప్పుడు ఆ పెద్దవాళ్ళే సరుకు అమ్ముతున్నారు.

ఆ కుర్రాడి బండికి గొట్టాలు ఇరుసు మీదుగా దాటించి, వెనక చక్రం వెనక పక్కకి తిప్పి బిగించేసరికి చీకటి పడింది. సైలెన్సర్లు మామూలువే పెట్టాం. ఇంజను స్టార్టు చేస్తే పక్కన నిలబడి మాట్లాడుకోగలిగాం.

ఇక్కడ పాత ట్రక్కు ఉన్నవాళ్ళకి నా విన్నపం ఒకటే. గొట్టాలు మార్పించేటప్పుడు ఏ కంపెనీవైనా పెట్టించుకోండి, మామూలు ఇనుమైనా స్టెయిన్‌లెస్ అయినా మీ ఇష్టం. రెండింటినీ మాత్రం ఇరుసు దాటించి, తొట్టి పక్కలకి బయటికి తీయించండి. వెనక తొట్టిలో పిల్లల్ని కూర్చోబెట్టకండి, కానపీ ఉంటే అసలే వద్దు. షాపువాడు "ఇక్కడితో కోసేద్దాం సార్" అంటే బండి కిందికి దింపమని చెప్పి, తాళాలు తీసుకుని వచ్చెయ్యండి.